పంటి అచ్చు: ముద్దతోనా, కెమెరాతోనా?

పన్నుకి క్యాప్ వెయ్యాలన్నా, ఊడిపోయిన పన్ను చోట బ్రిడ్జి కట్టాలన్నా ముందుగా నోట్లో అచ్చు తియ్యాలి. ఆ క్యాప్ తయారుచేసే లాబ్ టెక్నీషియన్ మీ నోరు ఎన్నడూ చూడడు. అతను వేరే ఊళ్ళో ఉంటాడు, ఒక్కొక్కప్పుడు వేరే దేశంలోనే ఉంటాడు. మీ పంటి గురించి అతనికి తెలిసేదల్లా ఆ అచ్చు చెప్పినంతే. అందులో తప్పుంటే ఆ తప్పు క్యాప్‌లోకి కూడా వస్తుంది.

ఈ అచ్చు తియ్యటానికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి మనందరికీ తెలిసిన పాతది: ట్రేలో మెత్తటి ముద్ద పెట్టి, పళ్ళ మీద అదిమి, అది గట్టిపడేదాకా నోరు తెరిపించి కూర్చోబెట్టటం. రెండోది, పెద్ద టూత్‌బ్రష్ అంత ఉండే కెమెరాని నోట్లో తిప్పి పళ్ళ రూపాన్ని కంప్యూటర్లోకి ఎక్కించటం. దీన్ని ఇంట్రాఓరల్ స్కానర్ అంటారు. ఇక్కడ నేను స్కానర్ అనే అంటాను.

నేను డెంటిస్టుని. రెండు పద్ధతుల్లోనూ పని చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఉగాది సభల్లో భోజనాల వరసలో నిలబడ్డప్పుడు మనవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "మా డెంటిస్టు ఇంకా ఆ ముద్దే పెడుతున్నాడండీ, మార్చెయ్యమంటారా?" "ఇండియాలో అయితే స్కానింగ్ తీసి వారంలో క్యాప్ పెట్టేస్తున్నారట, డిసెంబరులో వెళ్ళినప్పుడు చేయించుకోమంటారా?" నిలబడి చెప్పటానికి ఈ ప్రశ్నలు చిన్నవి కావు. అందుకే ఈ వ్యాసం.

అచ్చులో ముఖ్యమైనది ఏది?

క్యాప్ వెయ్యాలంటే ముందు పంటిని చుట్టూ అరగదీస్తాం. అరగదీత ఎక్కడ ఆగుతుందో అక్కడ పంటి చుట్టూ ఒక గీత ఏర్పడుతుంది. రేపు క్యాప్ అంచు వచ్చి కూర్చునేది ఆ గీత మీదే. మా భాషలో అది మార్జిన్, మనం అంచు అందాం. పంటి పైభాగం అచ్చులో కాస్త అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. అంచు మాత్రం చుట్టూ, ఎక్కడా తెగకుండా, స్పష్టంగా పడి తీరాలి.

ఎందుకంటే క్యాప్‌కీ పంటికీ మధ్య ఉండేది సిమెంటు. అంచు దగ్గర సందు ఎక్కువైతే ఆ సిమెంటు లాలాజలంలో మెల్లగా కరిగి పోతుంది, ఆ దారిన సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. మూత సరిగ్గా పట్టని ఆవకాయ జాడీకి ఏమవుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే. పైనుంచి చూస్తే క్యాప్ తెల్లగా మెరుస్తూనే ఉంటుంది. లోపల పన్ను పుచ్చుతూ ఉంటుంది. రూట్ కెనాల్ చేసిన పంట్లో నరం ఉండదు కాబట్టి నొప్పి కూడా తెలియదు. కొన్నేళ్ళకి ఏ జంతికో కొరికినప్పుడు క్యాప్ ఊడి చేతిలోకి వస్తుంది, చూస్తే లోపల మళ్ళీ క్యాప్ నిలబెట్టటానికి పన్నే మిగిలి ఉండదు. ఇంప్లాంటు దగ్గరకి వచ్చే చాలా పళ్ళ కథ ఇదే.

సందు ఎంతవరకు ఉండవచ్చు? 1971లో మెక్లీన్, ఫాన్ ఫ్రాన్‌హోఫర్ అనే ఇద్దరు పరిశోధకులు వెయ్యికి పైగా క్యాప్‌లనీ ఫిల్లింగులనీ అయిదేళ్ళ పాటు గమనించి, 120 మైక్రాన్ల లోపు ఉంటే పరవాలేదన్నారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, రెండు వెంట్రుకల మందం కూడా లేని సందన్నమాట. ఈ వ్యాపారంలో అందరూ ఇప్పటికీ ఆ అంకెనే గీటురాయిగా వాడుతున్నారు.

చిక్కేమిటంటే ఈ అంచు తరచుగా చిగురు దగ్గరో, చిగురు కిందో ఉంటుంది. పాత ఫిల్లింగు లోతుగా ఉంటే, పన్ను చిగురు దాకా విరిగితే, దాన్ని కిందికి దించక తప్పదు. చిగురు మెత్తటిది, కాస్త తగిలితే రక్తం వస్తుంది. అందుకని సన్నటి దారాన్ని మందులో తడిపి, పంటికీ చిగురుకీ మధ్య దోపి, చిగురుని కాసేపు పక్కకి జరుపుతాం. రక్తం ఆపి, లాలాజలం పీల్చేసి, ఆరబెట్టి అప్పుడు అచ్చు తీస్తాం. ముద్దతో తీసినా కెమెరాతో తీసినా ఈ పని చెయ్యాల్సిందే. అచ్చు బాగా రావటం, రాకపోవటం సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. ట్రే తీసినా, కెమెరా తీసినా ఆ తరవాతి సంగతే.

ముద్ద ముచ్చట

ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దగ్గర దంతవైద్యుడుగా ఉన్న ఫిలిప్ ఫాఫ్ 1756లో అచ్చు వేయించిన పుస్తకంలోనే మైనంతో నోటి అచ్చు తీసి, ప్లాస్టర్‌తో నమూనా పొయ్యటం గురించి రాశాడు. తరవాత ఏకంగా ప్లాస్టర్‌నే నోట్లో పెట్టి తీసేవారు. అది గట్టిపడ్డాక ముక్కలుగా విరగ్గొట్టి బయటికి తీసి, మళ్ళీ అతికించుకునేవారు. ఇప్పుడు తలుచుకుంటేనే దవడ నొప్పెడుతుంది. 1920లలో అగర్ వచ్చింది. మనం స్వీట్లలో వాడే చైనా గ్రాసే అది. దాన్ని వేడిచేసి కరిగించి, నోట్లో చల్లార్చేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాను నుంచి అగర్ రావటం ఆగిపోయేసరికి మరో రకం సముద్రపు నాచు నుంచి చేసిన ఆల్జినేట్ వాడకంలోకి వచ్చింది. 1965లో జర్మనీ నుంచి ఇంప్రెగమ్ అనే పాలీఈథర్, ఆ తరవాత 1970లలో ఇప్పుడు అందరూ వాడే సిలికోన్ వచ్చాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ముద్దలన్నీ ఒకటి కావు. పొడిని నీళ్ళతో రబ్బరు గిన్నెలో కలిపి, తెల్లగానో గులాబీ రంగులోనో ట్రేలో పెట్టేది ఆల్జినేట్. చవక. ఎదురు దవడ అచ్చుకీ, తాత్కాలిక క్యాప్ చెయ్యటానికీ అది చాలు. కాని అందులో ఉన్నది చాలావరకు నీరే. బయట పెడితే నీరు ఆవిరై ముడుచుకుంటుంది, తడిలో పెడితే నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, కొద్ది నిమిషాల్లో ప్లాస్టర్ పొయ్యాలి. క్యాప్ చెయ్యబోయే పంటి అసలు అచ్చుని ఆల్జినేట్‌తో తీసి లాబ్‌కి పంపితే మాత్రం నాకు నచ్చదు. దానికి వాడాల్సింది రెండు రంగుల పేస్టులు తుపాకీ లాంటి పరికరంలోంచి కలిసి వచ్చే సిలికోన్, లేదా పాలీఈథర్. మంచి సిలికోన్ అయితే రోజుల తరబడి ఆకారం మారదు, పోస్టులో పంపినా పాడవదు. మీ పంటి చుట్టూ పలుచటి ద్రవం చిమ్మి, దాని మీద చిక్కటి ముద్ద ఉన్న ట్రే పెడుతున్నారంటే సరైన దారిలోనే ఉన్నట్టు లెక్క.

(ఒక పిట్టకథ: రబ్బరు చేతితొడుగులు వేసుకుని ఈ సిలికోన్ పుట్టీని పిసికితే అది సరిగ్గా గట్టిపడదు. రబ్బరులో ఉండే గంధకం అడ్డుపడుతుంది. అందుకే వేరే రకం తొడుగులు వాడతాం.)

ముద్ద పద్ధతిలో బలం ఏమిటంటే, ఆ పలుచటి ద్రవాన్ని పైనుంచి ట్రే నొక్కుతుంది. ఆ ఒత్తిడికి అది చిగురు సందులోకి, కంటికి కనపడని చోటికి కూడా కాస్త పాకుతుంది. దవడ మొత్తం ఒకే దెబ్బలో, ఒకే ముక్కగా అచ్చుపడుతుంది. ఈ రెండు గుణాలూ గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తాయి.

బలహీనత ఏమిటంటే అంచెలు ఎక్కువ. ట్రే కదిలితే తప్పు. గట్టిపడకముందే తీస్తే తప్పు. అంచు దగ్గర ఒక గాలి బుడగ ఉంటే మొత్తం మళ్ళీ మొదటినుంచి. తరవాత డెంటల్ స్టోన్ పొయ్యాలి, అది గట్టిపడేటప్పుడు కొద్దిగా పెరుగుతుంది. వెనకటి రోజుల్లో ఆ నమూనా మీద మైనంతో క్యాప్ చెక్కి, మన పంచలోహ విగ్రహాల శిల్పులు చేసినట్టే మైనం కరిగించి లోహం పోత పోసేవారు. లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, దానికి సరిపడా అచ్చుమట్టి పెరిగేలా లెక్క వేసేవారు. ఒకదాని పెరుగుదల, ఇంకోదాని తరుగుదల ఒకదాన్నొకటి కొట్టేసుకుని చివరికి క్యాప్ పంటి మీద కూర్చునేది. వంద మెట్లలో ఎన్ని చోట్ల జారవచ్చో ఆలోచిస్తే, అంత బాగా కుదరటమే ఆశ్చర్యం. పాత తరం లాబ్ వాళ్ళ చేతి పనితనానికి దణ్ణం పెట్టాలి.

కెమెరా ముచ్చట

వెలుతురుతో అచ్చు తియ్యొచ్చునన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రాన్సులో ఫ్రాంస్వా డ్యూరే అనే ఆయన 1973లోనే దీని మీద సిద్ధాంత వ్యాసం రాశాడు. పని చేసే యంత్రం జ్యూరిక్‌లో తయారైంది. దంతవైద్యుడు వెర్నర్ మోర్మన్, ఇంజనీరు మార్కో బ్రాండెస్టినీ కలిసి చేసిన సెరెక్ యంత్రంతో 1985 సెప్టెంబరులో మొదటిసారి ఒక పేషెంటుకి, కుర్చీలో ఉండగానే పంటి రూపం కెమెరాతో తీసి పింగాణీ ఇన్‌లే చెక్కి పెట్టారు. ఆనాటి కెమెరాకి పన్ను మెరుపు పడేది కాదు, పళ్ళ మీద తెల్లటి పౌడరు చల్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఎక్కువగా కనిపించే ఐటెరో, ట్రియోస్, ప్రైమ్‌స్కాన్, మెడిట్ లాంటి వాటికి పౌడరు అక్కర్లేదు.

అమ్మానాన్నల్ని తీసుకొచ్చినవాళ్ళు, గర్భిణీలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇందులో రేడియేషన్ ఉంటుందా? ఉండదు. ఇది ఎక్స్‌రే కాదు, సీటీ స్కాన్ కాదు. ఉత్త వెలుతురు, కెమెరా, అంతే.

పని చేసే తీరు ఇలా ఉంటుంది. కెమెరా తల ఒకసారికి ఒకటి రెండు పళ్ళ మేరే చూడగలదు. అది నోట్లో కదులుతూ ఉంటే వరసగా వందల బొమ్మలు తీస్తుంది. ఒక బొమ్మలో ఉన్న గుంటలు, మిట్టలు తరవాతి బొమ్మలో ఎక్కడున్నాయో పోల్చుకుని, కంప్యూటరు వాటిని ఒకదానికొకటి అతికిస్తూ పోతుంది. సెల్‌ఫోన్ని మెల్లగా తిప్పుతూ పొడుగాటి ఫోటో తీస్తారు చూడండి, ఇంచుమించు అలాగే.

దీనివల్ల వచ్చే లాభం నా దృష్టిలో వేగం కాదు, కనపడటం. ముద్ద తీసినప్పుడు మనకి తిరగేసిన పన్ను కనిపిస్తుంది, పైగా చిన్నది. స్కానర్‌లో అరగదీసిన పన్ను తెర మీద గుమ్మడికాయంత కనిపిస్తుంది. అంచు ఎక్కడ స్పష్టంగా లేదో, క్యాప్‌కి ఎక్కడ చోటు చాలదో వెంటనే తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్క ముక్క చెరిపేసి, ఆరబెట్టి, అంతవరకే మళ్ళీ తియ్యొచ్చు. మత్తు దిగకముందే తప్పు దిద్దుకోవచ్చు. ముద్ద పంపిన మూడో రోజున లాబ్ వాళ్ళు ఫోన్ చేసి "అంచు కనపడటం లేదు" అనే బాధ చాలావరకు తప్పుతుంది. మీరు కూడా అడగవచ్చు: "అంచు చుట్టూ కనిపిస్తోందా, నాకు చూపిస్తారా?" అని. చూపించటానికి ఇబ్బందిపడే డెంటిస్టుని నేను చూడలేదు.

ఇక దాని బలహీనత. కెమెరాకి కనిపించేదే అచ్చులో పడుతుంది. రక్తపు చుక్క ఉంటే దాన్నే పంటిగా తీసుకుంటుంది. లాలాజలం నిలిచి ఉంటే ఆ నీటి ఉపరితలాన్నే అచ్చుగా రాసుకుంటుంది. చిగురు మీద పడి అంచుని కప్పేస్తే, ముద్దలా దాన్ని తోసుకుని లోపలికి పోలేదు. ఇంకో ఇబ్బంది: అంచు సగం కనిపించి సగం కనిపించకపోతే, కనిపించని చోట సాఫ్ట్‌వేరు తనంతట తానే నున్నగా పూడ్చెయ్యవచ్చు. తెర మీద చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, అదే ప్రమాదం. ముద్దలో గాలి బుడగ ఉంటే బుడగలాగే కనిపిస్తుంది, దాచుకోదు.

క్యాప్ వేరు, బ్రిడ్జి వేరు

ఒక్క పంటి క్యాప్‌కి, ఒక పన్ను పోయినచోట మూడు పళ్ళ బ్రిడ్జికి స్కానర్ అచ్చు మంచి సిలికోన్ అచ్చుతో సమానంగా నిలుస్తుందని ఇప్పటికి చాలా పరిశోధనలే తేల్చాయి. కొన్నిటిలో స్కానర్‌దే పైచేయి. ఈ పనికి నేనైతే చాలావరకు కెమెరానే పట్టుకుంటాను.

పొడుగాటి బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. పొట్టి టేపుతో పొడుగాటి గోడ కొలిచే మేస్త్రీని తలుచుకోండి. ప్రతిసారీ టేపు ఎత్తి పెట్టినప్పుడు ఒక నూలు తేడా వస్తే, గోడ చివరికి పోయేసరికి అది అంగుళం అవుతుంది. స్కానర్ కూడా బొమ్మని బొమ్మకి అతికిస్తూ పోతుంది కాబట్టి, దవడ ఈ చివరి నుంచి ఆ చివరికి పోయేసరికి చిన్న చిన్న తేడాలు పోగవుతాయి. మధ్యలో పళ్ళు లేకుండా ఉత్త చిగురు ఉంటే మరీ కష్టం, కంప్యూటరు పోల్చుకోవటానికి గుర్తులే ఉండవు. ఒక్క క్యాప్ అయితే ఈ తేడా దానికి తగలదు. కాని బ్రిడ్జి వంగని ముక్క. రెండు చివర్ల ఉన్న పళ్ళ మీద ఒకేసారి, రెండు అంచుల మీదా కూర్చోవాలి. పళ్ళ మధ్య దూరం కొద్దిగా తప్పినా ఒక చివర కూర్చుంటుంది, రెండో చివర లేస్తుంది.

కొత్త స్కానర్లు దీన్ని చాలా తగ్గించాయి. కాని ఆ యంత్రం ఏది, తిప్పే చెయ్యి ఎవరిది, ఏ వరసలో తిప్పారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. అందుకని ఆరేడు పళ్ళకి మించిన బ్రిడ్జికి, దవడ మొత్తం పనికి నేను ఇప్పటికీ ఒక్క ముక్కలో పడే సిలికోన్ అచ్చు వైపే మొగ్గుతాను. స్కాన్ చేసి తియ్యాల్సి వస్తే, అసలు బ్రిడ్జి కంటే ముందు దాని చట్రాన్నో, ప్లాస్టిక్ నమూనానో నోట్లో పెట్టి చూస్తాను. అందరు డెంటిస్టులూ నాతో ఏకీభవించరు. ఇంప్లాంట్ల మీద కట్టే పళ్ళ సంగతి పూర్తిగా వేరు, దాన్ని ఇందులో కలపటం లేదు.

ఆ మధ్య ఒక పెద్దాయన ఆరు పళ్ళ బ్రిడ్జితో వచ్చారు. సెలవుల్లో వెళ్ళి కట్టించుకొచ్చినది. స్కానర్‌తోనే తీశారని గర్వంగానే చెప్పారు. ఒక చివర చక్కగా కూర్చుంది, రెండో చివర పరికరం మొన దూరేంత సందు. కింద అప్పటికే పుచ్చు మొదలైంది. కారణం అతుకుల తేడానా, రక్తమా, తొందరా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. కాని సిమెంటు పెట్టకముందు బ్రిడ్జిని ఉత్తినే కూర్చోబెట్టి రెండు చివర్లా తడిమి చూసి ఉంటే ఆరోజే తెలిసేది. ఇలాంటివి అమెరికాలో కట్టినవి కూడా నేను చూశాను. ఇది దేశాల మధ్య పందెం కాదు.

నోరు మూసినప్పటి సంగతి

అచ్చు అనగానే అందరూ పంటి గురించే ఆలోచిస్తారు. ఎదురు దవడ, రెండు దవడలూ కలిసే తీరు కూడా కావాలి. స్కానర్‌లో అయితే పళ్ళు కలిపి కొరికి ఉంచమని, బుగ్గ పక్కనుంచి ఒక బొమ్మ తీస్తారు. మత్తు ఇచ్చాక చాలామంది దవడ కాస్త పక్కకి పెట్టి కొరుకుతారు, వాళ్ళకి తెలియదు. అప్పుడు వచ్చే క్యాప్ ఎత్తుగా ఉంటుంది, పెట్టిన రోజు అరగంట అరగదియ్యాల్సి వస్తుంది. అందుకని మత్తు ఇవ్వకముందే ఒకసారి కొరికించి స్కాన్ చెయ్యటం మంచి అలవాటు. మీరు చెయ్యగలిగింది ఒక్కటే: కుర్చీ ఎక్కే ముందు మీ పళ్ళు మామూలుగా ఎలా కలుస్తాయో ఒకసారి గమనించుకోండి.

"డిజిటల్ క్యాప్" అనే మాట

ఈ మాటతో చాలా ప్రచారం జరుగుతోంది. నిజానికి ముద్దతో అచ్చు తీసినా, చాలా లాబుల్లో ఆ స్టోన్ నమూనాని పెద్ద స్కానర్‌లో పెట్టి, కంప్యూటర్లో క్యాప్ గీసి, యంత్రంతోనే చెక్కుతున్నారు. జిర్కోనియా అయితే చెక్కేటప్పుడు సుద్దలా మెత్తగా ఉంటుంది. కావలసినదానికంటే ఇంచుమించు 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కి, 1500 డిగ్రీల దరిదాపుల్లో కాలిస్తే ముడుచుకుని అసలు కొలతకి వస్తుంది. లిథియం డైసిలికేట్ దిమ్మ అయితే ఊదా రంగులో ఉండి, కొలిమిలో పెట్టాక పంటి రంగుకి తిరుగుతుంది. కుర్చీ పక్కనే చెక్కి అదేరోజు పెట్టే క్యాప్‌లు సాధారణంగా ఈ రకమే. కాబట్టి "డిజిటలా, కాదా" అని అడిగితే జవాబు దాదాపు అందరి దగ్గరా "డిజిటలే" అని వస్తుంది. అడగాల్సింది నోట్లో అచ్చు ఎలా తీస్తారు, ఎందుకు అలా తీస్తారు అని.

ఖర్చు విషయంలో పెద్దగా చెప్పటానికి ఏమీ లేదు. అమెరికాలో అచ్చు ఖర్చు సాధారణంగా క్యాప్ ఫీజులోనే కలిసి ఉంటుంది. ఇన్సూరెన్సు కూడా స్కానర్‌కి వేరే ఇవ్వదు. క్యాప్‌కి సగం ఇచ్చి, ఏడాదికి వెయ్యో రెండు వేలో డాలర్ల దగ్గర గీత గీసే పాలసీలే ఎక్కువ. "స్కానింగ్ చార్జి" అని విడిగా బిల్లులో కనిపిస్తే ఎందుకో అడగండి.

సెలవుల్లో ఇండియా వెళ్ళి చేయించుకునేవాళ్ళకి

ఖర్చు చూసి మనవాళ్ళు ఈ పని చేస్తారు, నేను తప్పనను. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో మంచి చదువు, మంచి చెయ్యి, మంచి యంత్రాలు ఉన్న డెంటిస్టులున్నారు. స్కానర్‌తో తీస్తే ఫైలు ఆ గంటలోనే లాబ్‌కి చేరుతుంది, అచ్చు మోసుకెళ్ళే పని లేదు. రోజులు కలిసొస్తాయి, నిజమే.

కాని యంత్రం తొందరపెట్టలేనిది ఒకటుంది, చిగురు. గార పట్టి, వాచి, తాకితే రక్తం వచ్చే చిగురు పక్కన ఏ పద్ధతిలోనూ మంచి అచ్చు రాదు. ముందు శుభ్రం చేయించి, కనీసం వారం పది రోజులు ఆగాలి. దిగిన రెండో రోజున రూట్ కెనాల్, నాలుగో రోజున అరగదియ్యటం, పదో రోజున పెళ్ళి, పన్నెండో రోజున క్యాప్ అని కార్యక్రమం వేసుకుంటే ఆగేది ఎక్కడ? అందుకని చిగుళ్ళు శుభ్రం చేయించుకోవటం ప్రయాణానికి ముందే ఇక్కడ పూర్తిచేసుకోండి. చాలా ఇన్సూరెన్సులు దానికి పూర్తిగానో, దాదాపు పూర్తిగానో ఇస్తాయి. అక్కడ క్యాప్ పెట్టాక కనీసం అయిదారు రోజులు ఉండేలా చూసుకోండి. ఎత్తుగా ఉంటే మళ్ళీ వెళ్ళి సరిచేయించుకోవచ్చు. విమానం ఎక్కే ముందురోజు శాశ్వత సిమెంటు పెట్టించుకోవద్దు.

అచ్చుకీ, క్యాప్‌కీ మధ్య వేసే తాత్కాలిక క్యాప్‌ని "నాలుగు రోజులకి ఎందుకులే" అని మానెయ్యకండి. అది లేకపోతే చిగురు అంచు మీదికి పెరుగుతుంది, పక్క పళ్ళు జరుగుతాయి, ఎంత చక్కటి అచ్చు అయినా పాతబడిపోతుంది.

ఎవరికి ఏది నయం?

ట్రే నోట్లో పెట్టగానే వాంతి వచ్చేవాళ్ళకి స్కానర్ వరం. మధ్యలో ఆపి, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కదిలే పళ్ళు ఉంటే కూడా స్కానరే మంచిది. గట్టిపడ్డ ముద్ద పాత బ్రిడ్జి కింద సందుల్లో ఇరుక్కుంటే, లాగేటప్పుడు కదిలే పన్ను దానితోపాటే రావచ్చు. ఏళ్ళ తరబడి వక్క, గుట్కా నమిలి బుగ్గలు బిగుసుకుపోయి, నోరు రెండు వేళ్ళకి మించి తెరుచుకోని వాళ్ళకి ట్రే పట్టదు. కెమెరా తల కూడా వెనక దవడ పళ్ళ దాకా పోకపోవచ్చు గాని, ప్రయత్నించి చూడొచ్చు. వాళ్ళు క్యాప్ కంటే ముందు ఆ బిగుసుకుపోవటం గురించి నోటి వైద్యుడికి చూపించుకోవాలి, అది క్యాన్సరుకి దారితీసే జబ్బు.

అంచు చిగురు కిందికి లోతుగా దిగిన పంటికి, చిగురు ఎంతకీ పొడిగా నిలవని పంటికి ముద్ద నయం. మీ డెంటిస్టు స్కానర్ ఉండి కూడా ఏదో ఒక పంటికి ముద్ద పెడితే పాతకాలం మనిషి అనుకోకండి. బహుశా ఆ పంటిని బాగా చూసిన మనిషి. అలాగే ఇరవై ఏళ్ళుగా సిలికోన్‌తో చక్కటి క్యాప్‌లు ఇస్తున్న డెంటిస్టుని స్కానర్ లేదన్న ఒక్క కారణంతో మార్చమని నేను ఎవరికీ చెప్పను.

క్యాప్ వచ్చిన రోజున ఏ పద్ధతిలో తీశారన్నదానితో పని లేదు. సిమెంటు పెట్టకముందు కూర్చోబెట్టి చూడాలి. పక్క పంటికీ దానికీ మధ్య ఫ్లాస్ కాస్త బిగువుగా దిగాలి, తెగకూడదు. చిగురు దగ్గర గోరు తట్టినట్టు మెట్టు తగలకూడదు. రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. వెనక పళ్ళకయితే, లోతైన అంచులకయితే ఒక ఎక్స్‌రే తీసి సందు చూడటం మంచిది. నచ్చకపోతే అప్పుడే చెప్పండి, సిమెంటు పడ్డాక తియ్యాలంటే క్యాప్‌ని కొయ్యాల్సిందే.

ఇంకొక్క సంగతి. స్కానర్‌తో తీసిన అచ్చు ఒక ఫైలు. ముద్ద అయితే కొన్నాళ్ళకి చెత్తలోకి పోతుంది, ఫైలు ఉంటుంది. ఉద్యోగం కోసం ఊళ్ళు మారేవాళ్ళం, రెండు దేశాల్లో పళ్ళు బాగుచేయించుకునేవాళ్ళం కాబట్టి ఇది మనకి ఎక్కువ అవసరం. అమెరికాలో హిపా చట్టం ప్రకారం మీ వైద్య రికార్డుల కాపీ అడిగే హక్కు మీకుంది, కాపీ చేసే ఖర్చు మాత్రం తీసుకోవచ్చు. ఎస్‌టీఎల్ అనే రకం ఫైలు ఇమ్మనండి, దాదాపు అన్ని లాబుల్లోనూ తెరుచుకుంటుంది. పీఎల్‌వై రకం అయితే పళ్ళ రంగులు కూడా అందులో ఉంటాయి. ఇండియాలో చేయించుకున్నా తిరిగొచ్చే ముందు ఫైలు, ఎక్స్‌రేలు, క్యాప్ ఏ పదార్థంతో చేశారో, ఏ షేడ్ నంబరో రాయించి తెచ్చుకోండి. ముందు పంట్లో ఒకటి విరిగి, పక్కదానికి సరిపోయే రంగు వెతకాల్సి వచ్చినప్పుడు ఆ షేడ్ నంబరు చాలా పని తగ్గిస్తుంది.